రాజకీయ హత్య వెనుక పెద్ద కుట్ర ఉందన్న మాట విన్నప్పుడు నిజానిజాలు తేల్చుకోవడం ఎలా: సీమ పాఠకులకు సమగ్ర మార్గదర్శి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో పుట్టి పెరిగినవారికి రాజకీయ హత్యల వెనుక కుట్ర ఉంటుందని ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 1998 మే 23న వై.ఎస్. రాజారెడ్డిని దారి కాచి చంపారు. 2005 జనవరి 24న పరిటాల రవీంద్రను అనంతపురంలోని పార్టీ కార్యాలయంలోనే కాల్చి చంపారు. ఆ కేసులో ప్రధాన నిందితుడైన మొద్దు శీనును 2008 నవంబరులో అనంతపురం జైలులో తోటి ఖైదీ చంపాడు. అదే కేసులో నిందితుడైన మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాద్‌లో, తన కారులోనే ప్రయాణిస్తున్న అనుచరుడి చేతిలో హతమయ్యాడు. ఇన్ని చూసిన జనానికి ‘అతిగా అనుమానించకండి’ అని సలహా ఇస్తే ఎవరూ వినరు, వినవలసిన అవసరమూ లేదు.

కాబట్టి అనుమానం మానుకోవడం ఎలాగో ఈ మార్గదర్శి చెప్పదు. అనుమానాన్ని విడివిడి ప్రశ్నలుగా మార్చి, ఒక్కొక్క ప్రశ్నకు ఏ కాగితం, ఏ వస్తువు, ఏ సాక్షి జవాబు చెప్పగలరో చూసి, జవాబు రాని దాన్ని రానట్టుగానే ఉంచుకునే పద్ధతిని చెబుతుంది. ఇందుకు కావలసినవి ఒక నోటుపుస్తకం, ఇంటర్నెట్ ఉన్న ఫోను, కొంత ఓపిక.

మొదటి మెట్టు: వాదనను ముక్కలుగా విడదీసి రాసుకోండి

2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమల అడవిలో, అప్పటి కర్నూలు జిల్లా పరిధిలోని పావురాలగుట్ట దగ్గర కూలిపోయి, అందులోని ఐదుగురూ మరణించారు. శకలాల ఆచూకీ మరునాటి ఉదయం గానీ దొరకలేదు. ఏ సంగతీ తెలియని ఆ ఒక్క రోజులోనే ఎన్నో ఊహలు మొలకెత్తాయి. నాలుగు నెలల తరువాత, 2010 జనవరిలో, ఎవరికీ పెద్దగా తెలియని ఒక విదేశీ వెబ్‌సైట్‌లోని కథనాన్ని టీవీ ఛానెళ్లు ఎత్తి చూపించడంతో, ఒక పెద్ద వ్యాపార సంస్థే ఆయనను చంపించిందన్న ప్రచారం రేగి, రాష్ట్రమంతటా ఆ సంస్థ దుకాణాల మీద, పెట్రోలు బంకుల మీద దాడులు జరిగాయి.

‘హెలికాప్టర్‌ను కూల్చేశారు’ అన్నది వినడానికి ఒక్క మాటే గానీ, విడదీస్తే అందులో నాలుగు వాదనలున్నాయి. హెలికాప్టర్ ప్రమాదవశాత్తు కూలలేదన్నది ఒకటి. దానికి హాని చేసినవారికి దాని దగ్గరకు వెళ్లే వీలుందన్నది రెండోది. వారిని పంపించింది ఫలానా వారేనన్నది మూడోది. ఈ రహస్యం ఎక్కడో ఉన్న ఆ వెబ్‌సైట్ నడిపేవారికి తెలిసే మార్గముందన్నది నాలుగోది. నాలుగూ నిజమైతేనే ఆ మాట నిజమవుతుంది. మొదటి దానికి జవాబు చెప్పగలిగినవి కాక్‌పిట్ మాటల రికార్డు, శకలాలు, ఆనాటి వాతావరణ సమాచారం. పౌర విమానయాన డైరెక్టరేట్ నియమించిన కమిటీ వీటిని పరిశీలించి, దట్టమైన మేఘాలలో గేర్‌బాక్స్ ఆయిల్ పీడనానికి సంబంధించిన హెచ్చరిక మీదనే పైలట్ల దృష్టి నిలిచిపోయిందని, కిందికి తోసే తీవ్రమైన గాలిప్రవాహంలో చిక్కి హెలికాప్టర్ అదుపు తప్పిందని తేల్చింది. ఆ నివేదికను మీరు ఒప్పుకోకపోవచ్చు. అయితే అందులోని ఏ అంశాన్ని, ఏ ఆధారంతో కాదంటున్నారో చెప్పగలగాలి. నాలుగో ప్రశ్నను ఆ రోజుల్లో దాదాపు ఎవరూ అడగలేదన్నది నా అభిప్రాయం. అడిగి ఉంటే మిగతా మూడింటి దాకా వెళ్లవలసిన పనే ఉండేది కాదు.

రెండో మెట్టు: మొదటి రోజు వార్తలను వేరుగా పెట్టండి

హత్య జరిగిన తొలి గంటలలో వచ్చే వార్తలలో తప్పులు ఉండి తీరతాయి. ఆ తప్పులనే తరువాత ‘దాచిపెట్టిన నిజాలు’గా చూపించడం కుట్ర సిద్ధాంతాల అలవాటు. అలాగని తొలి వార్తల్లోని తేడాలన్నీ అమాయకమైనవని అనుకోవడానికీ లేదు. 2019 మార్చి 15న పులివెందులలో వై.ఎస్. వివేకానందరెడ్డి గుండెపోటుతో మరణించారన్న వార్తే ముందు వచ్చింది; ఒంటి మీద పదునైన ఆయుధపు గాయాలున్నాయని ఆ రోజే బయటపడి అది హత్య కేసయింది. ఆ కేసు దర్యాప్తు సీబీఐకి వెళ్లింది, విచారణను 2022 నవంబరులో సుప్రీంకోర్టు హైదరాబాద్‌కు బదిలీ చేసింది. దోషులెవరో తేల్చవలసింది న్యాయస్థానం గనుక ఇక్కడ ఎవరి పేరూ ఎత్తడం లేదు. గమనించవలసింది ఒక్కటే: అక్కడ తొలి వార్తను తోసిపుచ్చింది ఎవరి ఊహో కాదు, శరీరం మీది గాయాలు.

నోటుపుస్తకంలో పేజీని రెండుగా మడిచి, తొలి రెండు రోజుల్లో విన్నవన్నీ ఎడమవైపు, పోస్టుమార్టం తరువాత తెలిసినవి కుడివైపు రాయండి. ఎడమవైపున్న ఏ మాటకైనా కుడివైపు ఆధారం దొరకకపోతే, ఎంతమంది చెప్పినా అది ఇంకా వినికిడి మాత్రమే.

మూడో మెట్టు: కాగితాలను వాటి విలువ మేరకే చదవండి

ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మాత్రం మినహాయింపు ఉంది. కేసు కోర్టుకు వెళ్లాక ప్రతి కేసుకూ ఇచ్చే, 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ అనే గుర్తింపు నంబరుతో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వాయిదాలు, ఉత్తర్వులు చూడవచ్చు. టీ కొట్టు దగ్గర గంటసేపు వాదించుకునేవారిలో ఈ పది నిమిషాల పని చేసినవారు అరుదు.

ఎఫ్‌ఐఆర్ అంటే ఫిర్యాదు నమోదు కావడమే తప్ప రుజువు కావడం కాదు. మన ఫ్యాక్షన్ గ్రామాల సంగతి తెలిసినవారికి ఇది వివరించనక్కరలేదు. చంపింది నలుగురైనా ఫిర్యాదులో అవతలి వర్గం పెద్దల పేర్లు వరసగా చేరిపోవడం ఇక్కడ పాత అలవాటు. ఆ పేర్లు తరువాత ఛార్జిషీటులో కనిపించకపోతే ‘పెద్దలను తప్పించారు’ అన్న మాట పుడుతుంది. తప్పించి ఉండవచ్చు, మొదటే అన్యాయంగా చేర్చి ఉండవచ్చు. రెండింటిలో ఏది జరిగిందో పేరు తీసేయడం ఒక్కటే చెప్పదు. ఆ మనిషి ఆ రోజు ఎక్కడున్నాడు, అతని మీద చూపిన ఆధారమేమిటి అన్నవే చెబుతాయి.

శవపంచనామా, పోస్టుమార్టం నివేదికలు ఎఫ్‌ఐఆర్ కంటే గట్టివి. గాయం ఎక్కడుంది, ఎంత లోతుంది, ఏ ఆయుధంతో అయి ఉండవచ్చు, చనిపోయి ఎంతసేపయింది అన్న నాలుగు వివరాలను ముందు వెతకండి. పోస్టుమార్టమే జరగకపోతే అనుమానం తరాల తరబడి బతుకుతుంది. 1966 జనవరి 11న తాష్కెంట్‌లో మరణించిన లాల్‌బహదూర్ శాస్త్రి గురించి నేటికీ చర్చ ఆగకపోవడానికి పెద్ద కారణం అదే. పోస్టుమార్టం లేకపోవడం విషప్రయోగానికి రుజువు కాదు. కాని విషప్రయోగం కాదని నిర్ధారించే దారి కూడా ఆ నాడే మూసుకుపోయింది.

‘పోలీసుల ఎదుట నేరం ఒప్పుకున్నాడు’ అన్న పత్రికా శీర్షికను చూసి తీర్పు వచ్చేసినట్టు భావించకండి. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం మన సాక్ష్య చట్టం ప్రకారం రుజువుగా చెల్లదు. పాత చట్టంలో 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ ఈ మాటే చెబుతున్నాయి. ఆ మాటల వల్ల ఆయుధమో మరొక వస్తువో బయటపడితే, ఆ మేరకు మాత్రమే కోర్టు దాన్ని పట్టించుకుంటుంది.

నాలుగో మెట్టు: మీ మనసు ఎటు మొగ్గుతోందో కనిపెట్టండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. కడప ఏడు రోడ్ల కూడలి పక్కన టీ తాగుతూ పేపరు చదివే ఒక పెద్దాయన కెన్నెడీ గురించి అన్న మాట ఇది: “అబ్బీ, అంతటి మనిషిని ఒక బక్కోడు ఒంటిగా సంపినాడంటే నమ్మాల్నా?” ఈ ఒక్క వాక్యంలో కుట్ర సిద్ధాంతాల మూలం ఉంది. ఫలితం ఎంత పెద్దదో కారణమూ అంత పెద్దదిగా ఉండాలని మన మనసు కోరుకుంటుంది. 1963 నవంబరు 22న డల్లాస్‌లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీని లీ హార్వే ఆస్వాల్డ్ అనే పుస్తక గోదాము ఉద్యోగి తుపాకీతో కాల్చి చంపాడు. అతను ఒంటరిగానే చేశాడని, ఆ హత్యపై దర్యాప్తుకు నియమించిన వారెన్ కమిషన్ 1964లో తేల్చింది. అయినా 2023లో గ్యాలప్ అనే సర్వే సంస్థ అడిగినప్పుడు అమెరికన్లలో 65 శాతం మంది దాని వెనుక కుట్ర ఉందనే చెప్పారు.

దీని పక్కన మరొక ఘటనను పెట్టి చూడండి. 1981 మార్చి 30న అధ్యక్షుడు రేగన్ మీద జాన్ హింక్లీ అనే యువకుడు కాల్పులు జరిపాడు. ఒక సినిమా నటి దృష్టిలో పడాలన్నది అతని కారణం. రేగన్ బతికి బయటపడ్డారు. ఈ కాల్పుల చుట్టూ కుట్ర కథలు పెద్దగా అల్లుకోలేదు. రెండు చోట్లా తుపాకీ పట్టుకున్నది అనామకుడైన యువకుడే. గుండు గుండె పక్కనుంచి తప్పిపోవడమే తేడా. అధ్యక్షుడు చనిపోతే కుట్ర అనడానికి, బతికితే పిచ్చివాడి పని అనడానికి మనుషులు మొగ్గు చూపుతారని 1979లోనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూపించారు. కాబట్టి మీరే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ దాడిలో ఆ నాయకుడు గాయాలతో బయటపడి ఉంటే, ఇదే ఆధారంతో ఇంత పెద్ద కుట్రను నేను నమ్మేవాడినా?

మనసు చేసే రెండో పని, పక్కపక్కన జరిగినవాటికి ముడి పెట్టడం. కెన్నెడీ ఊరేగింపు సాగిన చోట, ఎండ కాస్తుండగా, ఒక మనిషి నల్ల గొడుగు విప్పి నిలబడటం ఫోటోల్లో కనిపించింది. హంతకులకు సైగ చేశాడన్నారు, గొడుగులో ఆయుధం దాచాడన్నారు. 1978లో ఆ మనిషే గొడుగుతో సహా అమెరికా పార్లమెంటు కమిటీ ముందుకు వచ్చి, అది తన నిరసన అని చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు హిట్లర్‌తో రాజీపడిన బ్రిటిష్ ప్రధాని చాంబర్లేన్ చేతిలో ఎప్పుడూ గొడుగుండేది. ఆ రాజీ విధానాన్ని సమర్థించిన కెన్నెడీ తండ్రిని గుర్తు చేసి కొడుకును ఎగతాళి చేయాలన్నది అతని ఆలోచన. ఇంత వింత కారణాన్ని కథ రాసేవాడు కూడా ఊహించలేడు. వివరించలేని చిన్న విషయం కనబడగానే ‘దీనికి కుట్ర తప్ప మరో కారణం ఉండదు’ అనకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కాకతాళీయం అన్న మాటను మనం వాడతాం గానీ, హత్య విషయంలో దాన్ని ఒప్పుకోవడానికి మనసు రాదు. 1991 మే 21 సాయంత్రం విశాఖపట్నంలో ప్రచారం ముగించిన రాజీవ్ గాంధీ, విమానంలో సాంకేతిక లోపం వల్ల ఆ రాత్రి అక్కడే ఉండిపోవడానికి సిద్ధపడ్డారు. మరమ్మతు పూర్తయిందని కబురు రావడంతో బయలుదేరి మద్రాసు చేరి, అక్కడి నుంచి శ్రీపెరంబుదూరు వెళ్లారు. ఆ మరమ్మతును కుట్రలో భాగమనడం ఎంత తేలికో చూడండి. నిజానికి హంతకులకు ఆ విమానంతో ఏ సంబంధమూ లేదు, వారు సభ దగ్గర కాచుకుని ఉన్నారంతే.

పరస్పరం పొసగని రెండు కథలను ఒకే మనిషి నమ్మగలడన్నది మూడో సంగతి. బ్రిటన్‌లో 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, యువరాణి డయానాను చంపేశారన్న మాటను గట్టిగా నమ్మినవారే ఆమె చావు నటించి ఎక్కడో బతికే ఉందన్న మాటనూ నమ్మే మొగ్గు చూపారు. ప్రభుత్వం చెప్పేది అబద్ధమన్న ఒక్క నమ్మకం కింద రెండూ ఇమిడిపోయాయి. మీ వీధిలో వినిపించే కథలలో ఒకటి నిజమైతే మరొకటి అబద్ధం కావలసినవి ఉన్నాయేమో చూడండి. ఉంటే, అక్కడ మాట్లాడుతున్నది ఆధారం కాదు, కోపం.

అయిదో మెట్టు: ‘ఎవరికి లాభం?’ అన్న ప్రశ్నను చివరికి వాయిదా వేయండి

దర్యాప్తు అధికారికి ఈ ప్రశ్న పనికొస్తుంది, ఎందుకంటే అతను దానితో అనుమానితుల జాబితా మొదలుపెట్టి తరువాత ఆధారాలు వెతుకుతాడు. మనం జాబితా దగ్గరే ఆగిపోతాం. పైగా మన సీమలో నాయకుడు పోతే లాభపడేవారు ఒక్కరుండరు: అవతలి వర్గం, సొంత వర్గంలోని రెండో నాయకుడు, కాంట్రాక్టుల్లో పోటీదారు, భూమి తగాదా ఉన్న దాయాది, అందరికీ ఏదో ఒక లాభం ఉంటుంది. ‘ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు’ అన్న సామెతతో సొంతవాళ్లను అనుమానించడం, ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెతతో బయటివాళ్లను అనుమానించడం రోజూ వింటున్నదే. సామెత సాక్ష్యం కాదు.

ఆరో మెట్టు: నిజమైన కుట్రలు ఎలా ఉంటాయో తెలుసుకుని పోల్చండి

కుట్ర అనేది చట్టంలో ఉన్న నేరమే. నేరం చేయడానికి ఇద్దరో అంతకంటే ఎక్కువమందో ఒప్పందం చేసుకుంటే చాలు. పాత శిక్షాస్మృతిలో 120బి, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 61వ సెక్షన్ దానికి శిక్ష చెబుతాయి. కోర్టులో రుజువైన కుట్రలను చూస్తే వాటికి కొన్ని పోలికలు కనిపిస్తాయి. పాల్గొన్నవారు తక్కువ, తప్పులు ఎక్కువ, జాడలు మిగులుతాయి.

1914 జూన్ 28న సరయెవోలో ఆస్ట్రియా యువరాజును చంపడానికి నిజంగానే ముఠా వచ్చింది. విసిరిన మొదటి బాంబు వెనుక కారుకు తగిలి పథకం చెడిపోయింది. తరువాత యువరాజు కారు డ్రైవరు దారి తప్పి, ముఠాలోని ప్రిన్సిప్ నిలబడి ఉన్న చోటికే తెచ్చి ఆపాడు. కుట్ర నిజం, అది ఫలించింది మాత్రం అదృష్టం వల్ల.

రాజీవ్ హత్యలో జాడ ఒక కెమెరా. హంతకుల బృందం ఫోటోలు తీయడానికి తెచ్చుకున్న హరిబాబు ఆ పేలుడులోనే చనిపోయాడు. అతని కెమెరా మాత్రం చెక్కుచెదరకుండా నేల మీద దొరికింది. దండ పట్టుకుని నిలబడిన మానవబాంబు ధను, విలేకరిలా తెల్లని కుర్తా పైజామాలో నిలబడిన బృంద నాయకుడు శివరాసన్ ఆ ఫిల్ములో ఉన్నారు. దర్యాప్తు అక్కడి నుంచి సాగింది. 1998లో కింది కోర్టు 26 మందికి మరణశిక్ష వేస్తే, 1999లో సుప్రీంకోర్టు ఏడుగురి మీద మాత్రమే హత్యా కుట్ర నేరాన్ని నిలబెట్టి, నలుగురికి మరణశిక్ష ఖరారు చేసి, ముగ్గురికి యావజ్జీవం విధించింది. ఆధారం ముందు నిలబడే కొద్దీ నిజమైన కుట్ర పరిమాణం తగ్గుతుంది. కుట్ర సిద్ధాంతం ఇందుకు పూర్తిగా విరుద్ధం: ప్రశ్న వేసినకొద్దీ పెరుగుతుంది. డాక్టరు కాదంటే డాక్టరూ అందులోనివాడే, జడ్జి కాదంటే జడ్జీ అందులోనివాడే అవుతారు. ఎవరైనా కుట్ర గురించి చెబుతుంటే, ‘ఇది నిజం కావాలంటే ఎంతమంది నోరు మూసుకోవాలి?’ అని అడిగి ఆ సంఖ్య రాసుకోండి. పది నిమిషాల తరువాత మళ్లీ అడగండి.

నిర్లక్ష్యాన్ని కుట్రగా పొరబడటం ఈ మెట్టు దగ్గరే జరుగుతుంది. 1948 జనవరి 20న గాంధీజీ ప్రార్థన సభలో బాంబు పేల్చిన మదన్‌లాల్ పహ్వా అక్కడే దొరికిపోయాడు, తోటివారి గురించి పోలీసులకు కొంత చెప్పాడు కూడా. అయినా పది రోజులకు గాడ్సే అదే ప్రాంగణంలోకి తుపాకీతో రాగలిగాడు. 1966లో నియమితమైన కపూర్ కమిషన్ పోలీసుల వైఫల్యాలను వివరంగా చూపింది. ‘గన్‌మెన్‌ను తగ్గించిన వారానికే చంపారు’ అన్న మాట మన జిల్లాల్లో ప్రతి హత్య తరువాతా వినిపిస్తుంది. భద్రత తగ్గించిన ఉత్తర్వు తేదీ, దాని కారణం, అదే ఉత్తర్వులో ఇంకా ఎవరి భద్రత తగ్గిందో చూడండి. అతనొక్కడిదే తగ్గితే ప్రశ్న బలపడుతుంది, పదిమందిదీ తగ్గితే బలహీనపడుతుంది.

ఏడో మెట్టు: నిందితుడే చనిపోయినప్పుడు మరింత నిదానంగా నడవండి

ఆస్వాల్డ్‌ను రెండు రోజులకే జాక్ రూబీ పోలీసుల మధ్యనే కాల్చి చంపాడు. ఇందిరా గాంధీని 1984 అక్టోబరు 31న కాల్చిన ఇద్దరు అంగరక్షకులలో బియాంత్ సింగ్ కొద్దిసేపటికే కాల్పుల్లో చనిపోయాడు. అనంతపురం జైలు హత్య సంగతి పైన చెప్పాను. నిందితుడు చనిపోతే క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు, అతని కథ అతని నోట వినే అవకాశం పోతుంది; ‘నోరు నొక్కేశారు’ అనిపించడం సహజం. ఆ రెండో హత్య ఎందుకు జరిగిందన్నది స్వతంత్రమైన ప్రశ్న, దానికి వేరే ఆధారం కావాలి. మొదటి హత్యకు సూత్రధారి ఎవరో అది దానంతట అది చెప్పదు.

విచారణ లేని చోట కమిషన్లు వస్తాయి, కమిషన్లు కూడా మాట మార్చుకుంటాయి. డల్లాస్ పోలీసు రేడియో రికార్డులోని శబ్దాలను నమ్ముకుని 1979లో పార్లమెంటు కమిటీ, కెన్నెడీ హత్యలో బహుశా కుట్ర ఉందని చెప్పింది. 1982లో శాస్త్రవేత్తల బృందం అదే రికార్డులో వినిపించే మాటలను బట్టి, ఆ శబ్దాలు కాల్పులు ముగిసిన దాదాపు నిమిషం తరువాతివని చూపించింది. ఒక నివేదికను ఉటంకించేవారిని, దాని తరువాత వచ్చినదాన్ని కూడా చదివారా అని అడగండి.

ఎనిమిదో మెట్టు: పంపే ముందు, మాట్లాడే ముందు

సీమలో ఒక పేరును హత్యతో ముడిపెట్టి వాట్సాప్‌లో పంపడం వేరే చోట్ల పంపడం వంటిది కాదు. పగ పట్టిన కుటుంబం దాన్ని సమాచారంగా తీసుకుంటే మరో ప్రాణం పోతుంది. అలజడి రేపే వదంతులకు భారతీయ న్యాయ సంహితలో 353వ సెక్షన్, పరువు నష్టానికి 356వ సెక్షన్ ఉన్నాయి. వాటికి భయపడకపోయినా, మొదట చెప్పిన సంగతికి భయపడాలి. పేరున్న సందేశాన్ని ఎవరికీ పంపకండి. ప్రశ్న ఉన్న సందేశాన్ని పంపవచ్చు.

ఇంట్లో నమ్మేవారితో వాదనకు దిగితే పని జరగదు. “చిన్నాయనా, నువ్వు సెప్పింది నిజమే అనుకుందాం. ఏం దొరికితే అది తప్పని నువ్వు ఒప్పుకుంటావు?” అని అడగండి. “పోస్టుమార్టం కాగితం సూపిస్తే ఒప్పుకుంటా” అని ఆయన అంటే మీ ఇద్దరికీ ఒక పని దొరికినట్టే, కలిసి వెతకవచ్చు. “ఏం సూపించినా ఒప్పుకోను” అంటే మాట మార్చి వానల గురించి అడగడం మంచిది. ఆయన దుఃఖం గురించి వినడం ఇంకా మంచిది, ఎందుకంటే అభిమాన నాయకుడు కారణం లేకుండా పోయాడని ఒప్పుకోవడం కంటే ఎవరో బలవంతుడు తీశాడని నమ్మడం చాలామందికి తేలిక.

నోటుపుస్తకంలో చివరి పేజీని ‘తేలనివి’ అని ఉంచి, ప్రతి అంశం పక్కన తేదీ వేయండి. 1975 జనవరిలో సమస్తిపూర్ రైల్వేస్టేషన్ బాంబు పేలుడులో గాయపడి మరణించిన కేంద్ర మంత్రి ఎల్.ఎన్. మిశ్రా కేసులో కింది కోర్టు తీర్పు 2014 డిసెంబరులో వచ్చింది. 1986లో హత్యకు గురైన స్వీడన్ ప్రధాని పాల్మే కేసును 2020లో, అప్పటికే చనిపోయిన ఒక వ్యక్తి పేరు చెప్పి, విచారణ లేకుండానే మూసివేశారు. అందువల్ల ఆ పేజీని చించకండి. ఛార్జిషీటు వచ్చినప్పుడు ఒకసారి, కింది కోర్టు తీర్పు వచ్చినప్పుడు ఒకసారి, అప్పీలు తేలినప్పుడు మరొకసారి తెరిచి, జవాబు దొరికిన అంశాన్ని మాత్రమే కొట్టివేయండి.